ట్యాంకుల ఆట అనంతపురం దాకా ఎట్లా వచ్చింది?

మన తెలుగు సాఫ్ట్‌వేర్ జనాల్లో చాలామంది మొట్టమొదట ముట్టుకున్న కంప్యూటర్, నిజానికి కంప్యూటర్ కాదు. టీవీకి తగిలించే వీడియో గేమ్. అందులో అందరికీ గుర్తుండేవి రెండు: మారియో, ట్యాంకులు. మారియో గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది. ట్యాంకుల్ని మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అందుకే ఈ సోది.

ఆ ఆట అసలు పేరు బ్యాటిల్ సిటీ. 1985లో జపాన్ కంపెనీ నామ్కో, నింటెండో వాళ్ళ ఫామికాం కోసం తీసింది. 1980 నాటి ఆర్కేడ్ ఆట ట్యాంక్ బెటాలియన్ దీనికి మూలం. ఇటుక గోడల చిట్టడవి, అడుగున ఒక గద్ద బొమ్మ. దాన్ని కాపాడుకుంటూ స్టేజీకి 20 శత్రు ట్యాంకుల్ని పేల్చాలి. మొత్తం 35 స్టేజీలు. అన్నట్టు, మన గుండు తగిలినా మన గద్ద పోతుంది. ఇద్దరు ఆడుతుంటే సగం తగువులు అక్కడే :)

ఇప్పుడు చిక్కుప్రశ్న. ఫామికాం అమెరికాకు వేరే పేరుతో వెళ్ళినా, ఈ ఆట మాత్రం అప్పట్లో అక్కడ విడుదలే కాలేదు. మరి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో, శెనక్కాయలు అమ్మిన డబ్బులొస్తేనే పిల్లలకు ఏదైనా కొనే ఇళ్ళల్లోకి ఎట్లా వచ్చింది?

దొంగదారిన వచ్చింది. తైవాన్‌లో ఫామికాం చిప్పులకు నకళ్ళు తయారయ్యాయి. వాటితో చేసిన చవక మిషన్లు ప్రపంచమంతా పాకాయి. రష్యాలో 1992లో డెండీ అని వచ్చింది. మన దగ్గర లిటిల్ మాస్టర్, మీడియా లాంటి పేర్లతో 1990లలో అమ్మారు. నా చిన్నప్పటికి, అంటే 2000ల మధ్యకి, పేరూ ఊరూ లేని డబ్బాలు కూడా వచ్చేశాయి. పైన 9999 ఆటలని రాసుంటుంది, లోపల అవే కొన్ని ఆటలు తిరిగి తిరిగి వస్తాయి.

మరి అన్ని ఆటలుండగా ఇదే ఎందుకు? నా లెక్క ప్రకారం జవాబు సైజులో ఉంది. బ్యాటిల్ సిటీ మొత్తం 24 కిలోబైట్లు: ప్రోగ్రాముకు 16, బొమ్మలకు 8. తర్వాత వచ్చిన పెద్ద ఆటలకు క్యాసెట్‌లో అదనపు చిప్పు కావాలి, అంటే అదనపు ఖర్చు. నకిలీ క్యాసెట్ చేసేవాడికి తక్కువ మెమరీలో ఎక్కువ ఆటలు కుక్కడమే లాభం. కాబట్టి మన దాకా వచ్చినవి ముఖ్యంగా చిన్న ఆటలు. గొప్పవా కాదా అన్నది తర్వాతి మాట. తక్కువ నీళ్ళతో బతికే కొర్ర, సామ మా నేలలో నిలబడినట్టే ఇదీనూ.

ఈమధ్య ఎమ్యులేటర్‌లో మళ్ళీ ఆడాను, ఈసారి ఇంజనీరు కళ్ళతో. ఫామికాంకు 1.79 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్. మైదానం 13 అడ్డం, 13 నిలువు గళ్ళు. ఒక్కరే ఆడుతుంటే తెర మీద ఒకేసారి నాలుగు శత్రు ట్యాంకులకు మించి కనిపించవు. అంత ఇరుకులోనే ఇటుక, ఉక్కు, నీళ్ళు, చెట్లు, మంచు అన్నీ సర్దారు. మనం ఒక లాగిన్ పేజీకి వాడే మెమరీ తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకో సంగతి తెలిసింది. పడవ దొరికితే నీళ్ళ మీద పోవచ్చని మీకు గుర్తుంటే, మీరు ఆడింది బ్యాటిల్ సిటీ కాదు! అది ట్యాంక్ 1990 అనే మార్చిన నకలు. అసలు ఆటలో పడవ లేదు. అంటే మన జ్ఞాపకంలో కూడా ఎవరో ప్యాచ్ వేశారు. ఆ వేసినవాళ్ళ పేరు మనకు తెలీదు, అసలు రాసినవాళ్ళ పేరూ మనం ఎప్పుడూ అడగలేదు.

దీన్ని దొంగతనం అనాలా? అనాలి. కోడు అమ్ముకుని బతికేవాళ్ళం, వేరే మాట అనలేం. మా ఊరినుంచి నామ్కోకు పైసా ముట్టలేదు. కానీ 2020లో నామ్కో మ్యూజియం ఆర్కైవ్స్ రెండో భాగంలో అమెరికాలో ఈ ఆట అధికారికంగా వచ్చేదాకా ఆగి ఉంటే, 35 ఏళ్ళు పట్టేది. అన్నేళ్ళు మాలాంటి ఊళ్ళలో దాన్ని బతికించింది ఆ నకలే. రెండూ నిజాలే, ఒకటి చెప్పి ఇంకోటి దాచడం న్యాయం కాదు.

ఆటలో కన్‌స్ట్రక్షన్ అని ఒక మెనూ ఉంది. మన స్టేజీ మనమే కట్టుకోవచ్చు. ఇక్కడ గోడ, అక్కడ ఏరు పెట్టి, శత్రువు ఎట్లా వస్తాడో చూసి మళ్ళీ మార్చడం. ప్రోగ్రామింగ్ అనే మాట వినకముందే మేం చేసిన ప్రోగ్రామింగ్ అదే. కాకపోతే సేవ్ చేసే దారి లేదు. కరెంటు పోతే కట్టింది మొత్తం పోతుంది, మా దిక్కు కరెంటు పోకుండా ఉండే సాయంత్రం అరుదు.

మన చిన్న ఊళ్ళ టెక్నాలజీ చరిత్ర కూడా అట్లాగే ఉంది, ర్యామ్‌లోనే. ఏ బజారులో కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ క్యాసెట్ ఎవరితో మార్చుకున్నారు... గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. కరెంటు పోయేలోపు ఎక్కడైనా రాసిపెట్టండి.