సూది నుంచి మోటారు మిషన్ దాకా



ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు, రికవరీ శాతాలు వేస్తాం. ఈసారి కుట్టుపని గురించి నన్ను రాయమన్నారు. మన సంఘాల్లో మిషన్ కోసం అప్పు తీసుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏ కంపెనీ మంచిది, మోటారు పెట్టించాలా వద్దా అని అడుగుతుంటారు. మిషన్ ఎవరి పేరు మీద ఉంది, దాని మీద వచ్చిన డబ్బు ఎవరి చేతికి పోతోంది అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ పనిముట్లు ఎలా పుట్టాయో చదువుతుంటే ఈ రెండో ప్రశ్నే నాకు మళ్ళీ మళ్ళీ ఎదురైంది. అందుకే అక్కడినుంచే రాస్తున్నాను.

మన పనిముట్లన్నిటిలోకీ పాతది సూది. సైబీరియా అనే చలి ప్రాంతంలో గుహల్లో దొరికిన ఎముక సూదులు దాదాపు 40 వేల ఏళ్ళ నాటివని చెప్తారు. వాటికి బెజ్జం కూడా ఉంది. మన దగ్గర సింధులోయ తవ్వకాల్లో లోహపు సూదులు దొరికాయి. కానీ సన్నటి ఉక్కు సూది పేదింటికి కూడా చవగ్గా అందడం ఈ రెండు వందల ఏళ్ళ సంగతే. ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరు అప్పట్లో ప్రపంచానికంతా సూదులు చేసి పంపేది. అక్కడ సాన మీద సూది మొన తీసే పనివాళ్ళు రాతిపొడి, ఉక్కుపొడి పీల్చి ఊపిరితిత్తులు పాడైపోయి చిన్న వయసులోనే చనిపోయేవారు. కూలి ఎక్కువ ఇచ్చేవారు, ఆయుష్షు మాత్రం తక్కువ. సూది పోయిందని మనం తేలిగ్గా అంటాం గానీ, దాని వెనక ఇంత ఉంది.

సూది పెద్దదైతే దబ్బనం. గోనెసంచి మూతి కుట్టేదీ దాంతోనే, మందం బొంత కుట్టేదీ దాంతోనే. పాత నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి, ముడతలు లేకుండా మూలల్లో బరువు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. తర్వాత అంచునుంచి లోపలికి వరస వెంట వరస కుట్టుకుంటూ వస్తారు. టేపు లేదు, సుద్ద గీత లేదు, అంతా కంటి లెక్కే. మనం బొంత అన్నదాన్ని బెంగాల్లో కాంథా అంటారు, బీహార్లో సుజని, మహారాష్ట్రలో గోధడి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ ఆడవాళ్ళు కవంది అంటారు. అన్నిచోట్లా పాత బట్ట, ఒక సూది, దారం, అంతే పెట్టుబడి. బెంగాల్లో అయితే ఆ దారం కూడా పాత చీర అంచులోంచి లాగి కుట్టేవారు. వాళ్ళ కాంథాలు ఇప్పుడు మ్యూజియంలలో అద్దాల వెనక ఉన్నాయి, మన బొంతలు అటకల మీద ఉన్నాయి.

ఇక పిన్నీసు. మనలో తాళిగొలుసుకు రెండో మూడో పిన్నీసులు లేనివాళ్ళు ఎవరున్నారు? దానికి 1849లో పేటెంటు తీసుకున్నది అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన. 15 డాలర్ల అప్పు తీర్చడానికి తీగ ముక్కను అటూ ఇటూ వంచుతూ దాన్ని తయారుచేశాడని చెప్పుకుంటారు. ఆ హక్కును 400 డాలర్లకు అమ్మేసుకున్నాడు. పిన్నీసు మీద తర్వాత వచ్చిన లాభమంతా కొన్నవాళ్ళదే. అప్పు ఒత్తిడిలో ఉన్న మనిషి చేతిలో వస్తువు ఎంతకు పోతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ హంటే 1830లలో కుట్టుమిషన్ కూడా చేశాడు. చేతి సూదికి బెజ్జం వెనక ఉంటుంది గదా, మిషన్ సూదికి మొన దగ్గర ఉంటుంది. మిషన్ రహస్యమంతా ఈ చిన్న మార్పులోనే ఉంది. సూది కిందికి దిగి కొంచెం పైకి లేచేసరికి బట్ట కింద దారం ఉచ్చులాగా విప్పుకుంటుంది. ఆ ఉచ్చులోంచి బాబిన్ దారం దూరిపోతుంది. పైదారం, కిందదారం బట్ట మధ్యలో మెలిక పడి బిగుస్తాయి. అందుకే రెండింటి బిగువు సమానంగా లేకపోతే కుట్టు ఒకపక్క తేలిపోతుంది. హంట్ అప్పట్లో దీనికి పేటెంటు తీసుకోలేదు. చేత్తో కుట్టి బతికే ఆడవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందని ఆయన కూతురే వద్దందని ఒక కథ ఉంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అంతకుముందే ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ మిషన్ చేసి 1830లో పేటెంటు తీసుకున్నాడు. పారిస్‌లో 80 దాకా మిషన్లు పెట్టి సైనికుల బట్టలు కుట్టిస్తుంటే, 1831లో చేతికుట్టు దర్జీలు గుంపుగా వచ్చి వాటిని విరగ్గొట్టారు. తిమోనియే చివరికి పేదరికంలోనే చనిపోయాడు. విరగ్గొట్టినవాళ్ళను మూర్ఖులనడం సులువు. కానీ వాళ్ళ కోపం ఇనుము మీద కాదు, మిషన్లన్నీ ఒక్కడి షెడ్డులో ఉండి తాము బయట నిలబడాల్సి రావడం మీద అని నా ఉద్దేశం.

అలాగని చేతికుట్టు రోజులు బాగున్నాయా అంటే అదీ లేదు. 1843లో లండన్‌లో బిడెల్ అనే వితంతువును కోర్టుకు తెచ్చారు. యజమాని కుట్టడానికిచ్చిన బట్టల్ని, పిల్లల ఆకలి తట్టుకోలేక తాకట్టు పెట్టిందని కేసు. బట్ట యజమానిది, చెయ్యి మాత్రమే ఆమెది. రోజంతా కుట్టినా వారానికి 7 షిల్లింగులకు మించి రావు. ఈ కేసు పేపర్లలో వచ్చి దేశమంతా మాట్లాడుకున్నారు.

అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో ఇప్పటి మన మిషన్ లాంటి జంట దారాల కుట్టుకు పేటెంటు తీసుకున్నాడు. ఇంట్లో గడవక ఆయన భార్య చేతికుట్టు పనులు పట్టేది. ఐజాక్ సింగర్ 1851లో మిషన్‌ను ఇంకా బాగుచేసి అమ్మకం మొదలుపెట్టాడు. హోవే కోర్టుకెళ్ళి గెలిచాడు, సింగర్ డబ్బు కట్టాల్సివచ్చింది. ఆ కోర్టు గొడవలు చాలా ఉన్నాయి, మనకు వాటితో పని లేదు.

మనకు పనికొచ్చేది 1856 సంగతి. ఒక్కో మిషన్ నూరు డాలర్లకు పైమాటే, మామూలు కుటుంబం ఒక్కసారిగా అంత పెట్టలేదు. సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ అనే లాయరు ఒక పద్ధతి తెచ్చాడు. ముందు కొంచెం కట్టి మిషన్ తీసుకుపోవచ్చు, మిగతాది నెలనెలా కంతులు. 1855లో 883 మిషన్లు అమ్మిన కంపెనీ 1856లో 2,564 అమ్మింది. మిషన్ మారలేదు, కట్టే పద్ధతి మారింది. ఇంట్లో ఆడవాళ్ళకు మిషన్ అందడానికి కంతులు అంత సాయపడ్డాయి. అయితే కంతులు పూర్తయ్యేదాకా మిషన్ కంపెనీదే, తప్పితే తీసుకుపోయేవారు.

అప్పట్లో ఒక కంపెనీ లెక్క కట్టింది. మగవాళ్ళ చొక్కా చేత్తో కుడితే 14 గంటల 26 నిమిషాలు, మిషన్ మీద 1 గంట 16 నిమిషాలు. మరి మిగిలిన 13 గంటలు ఎవరికి మిగిలాయి? ఇంటి బట్టలు కుట్టుకునే ఆవిడకు కొంత మిగిలాయి. కూలికి కుట్టే ఆవిడకు మాత్రం చొక్కాకు ఇచ్చే రేటు తగ్గించారు, ఆవిడ ఇంకా ఎక్కువ చొక్కాలు కుట్టింది.

మన దేశానికి సింగర్ మిషన్లు 1870ల నుంచి వచ్చాయి. బొంబాయిలో పటేల్ అనే పార్సీ ఆయన ఏజెంటుగా ఉండి ఇక్కడి అమ్మకాలు పెంచాడు. మొదట్లో ఎక్కువగా కొన్నది మగ దర్జీలే. ఆడవాళ్ళకు జాకెట్టు వేసుకునే అలవాటు పెరిగాక కుట్టుపనీ పెరిగింది. బెంగాల్లో ఠాగూర్ల కోడలు జ్ఞానదానందినీ దేవి చీర మీదికి జాకెట్టు వేసుకోవడం నలుగురికీ అలవాటు చేసిందని చెప్తారు. 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలైంది.

యంత్రాలంటే పడని గాంధీగారు కూడా 1924లో కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టుతో కష్టపడుతుంటే చూడలేక సింగర్ దాన్ని చేశాడని ఆయన అన్నారు. నిజానికి ఆ భార్య కథ హోవేకు దగ్గరగా ఉంటుంది. అయినా ఆయన చెప్పిన ఇంకో మాట నాకు నచ్చింది. మరి మిషన్ చేసే ఫ్యాక్టరీ కావాలి గదా అని అడిగితే, అలాంటివి ప్రజలందరి చేతిలో, అంటే ప్రభుత్వం చేతిలో ఉండాలన్నారు.

పనిముట్టు మనదైతే చాలదని నరసాపురం లేసు చెప్తుంది. గోదావరి జిల్లాల్లో మిషనరీ దొరసానులు నేర్పిన అల్లిక అది. దానికి కావాల్సింది ఒక్క కొక్కెం సూది, అది ఎవరికి వాళ్ళదే. కానీ దారం తెచ్చేది, లేసు తీసుకుపోయేది, రేటు చెప్పేది వ్యాపారి. మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ అక్కడికొచ్చి చూసి 1982లో పుస్తకం రాసింది. ఆ లేసు విదేశాలకు పోతున్నా, అల్లేవాళ్ళను పనివాళ్ళుగా లెక్కేయలేదు. ఇంట్లో ఊరికే కూర్చున్నవాళ్ళు కాలక్షేపానికి చేస్తున్నారనేవారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. రేటు ఎవరు చెప్తున్నారన్నది వేరే విషయం.

మన సంగతికొస్తాను. మా వదిన సంఘంలో చేరకముందు టౌన్లో ఒక కొట్లో కంతుల మీద మిషన్ తెచ్చుకుంది. పదకొండు కంతులు కట్టాక కాన్పుకు పుట్టింటికెళ్తే రెండు తప్పాయి. కొట్టువాళ్ళొచ్చి మిషన్ ఎత్తుకుపోయారు. బిల్లు కూడా అన్నయ్య పేరు మీదే ఉంది, ఈవిడ వెళ్ళి అడగడానికి కాగితం లేదు. తర్వాత సంఘం అప్పుతో ఇంకోటి కొంది. అప్పు తప్పితే సంఘంలో అడుగుతారు, మాట అంటారు, గడువు ఇస్తారు. మిషన్ మాత్రం ఇంట్లోనే ఉంటుంది, పని ఆగదు. అందుకే మిషన్ అప్పు తీసుకునేవాళ్ళు బిల్లు తమ పేరు మీద రాయించుకుని, ఒక జిరాక్సు సంఘం ఫైలులో పెట్టాలని మా గ్రామ సమాఖ్య తీర్మానం చేసుకుంది.

మిగతా పనిముట్ల గురించి నాలుగు ముక్కలు. బట్ట కత్తెరతో కాగితం కోయనివ్వొద్దు, పిల్లలకు అందకుండా పెట్టండి. కుట్లు విప్పడానికి బ్లేడు బదులు రిప్పర్ వాడండి, బట్ట తెగదు. బొంత కుట్టేటప్పుడు అంగుస్తానా వేలికి పెట్టుకోండి. టేపు ఉన్నా ఆది జాకెట్టు అడిగి తీసుకోవడం మానొద్దు, ఒంటి కొలత ఒకటి చెప్తుంది, ఆవిడకు అలవాటైన బిగువు ఇంకోటి. మోటారు మోకాళ్ళకు సుఖం, నేనూ పెట్టించుకున్నాను. అయితే యూనిఫారాల ఆర్డరు ఒప్పుకునేటప్పుడు కుట్టుకూలి ఒక్కటే మాట్లాడితే సరిపోదు. దారం, బటన్లు, సూదులు, నూనె, కరెంటు ఎవరివో కూడా కాగితం మీద రాయించుకోవాలి.

ఈసారి సరస్ మేళాకు రెండు బొంతలు పంపుదామని అనుకున్నాం. మా సంఘంలో పెద్దావిడ ఒకరు కుట్టారు, ఒక్కోదానికి ఇరవై రోజులు పట్టింది. పాత చీరలే గదా, మూడు వందలు చాల్లే అని ఒకరన్నారు. చీరల ధర కాదమ్మా, నా ఇరవై రోజుల కూలి కట్టి చెప్పండి అందావిడ. వచ్చే నెల మీటింగులో మొదటి అంశం అదే.