మద్యవ్యసన సలహాదారునికి అర్హతాపత్రము: ఒక చారిత్రక పరిశీలన

త్రాగుడుకు బానిసలైనవారికి సలహానిచ్చుటకు శిక్షణ, పరీక్ష, అర్హతాపత్రము ఉండవలెనని ఎవరైనా అన్నప్పుడు మన సేవకులలో అనేకులు నొచ్చుకొందురు. ఆత్మల కాపరికి లోకము పరీక్ష పెట్టుట ఏమిటని అడుగుదురు. అమెరికాలో ఈ ప్రశ్న నూరేండ్లకు పూర్వమే పుట్టినది. అది పుట్టినది కూడా ఒక దేవాలయ ప్రాంగణములోనే.

1906లో బోస్టన్ నగరమందలి ఇమ్మానుయేలు ఎపిస్కోపల్ సంఘ కాపరి ఎల్వుడ్ వుస్టర్, శామ్యూల్ మెకూంబ్ అను సహసేవకునితో కలిసి, నరముల బలహీనత గలవారికొరకును త్రాగుబోతులకొరకును ఒక పరిచర్య ప్రారంభించెను. వుస్టర్ జర్మనీలో మనస్తత్వశాస్త్రము చదివినవాడు. కనుక మొదట వైద్యుని పరీక్ష, ఆ తరువాతనే ప్రార్థన, ఉపదేశము అను క్రమము పెట్టెను. ఆ పద్ధతి పత్రికల ద్వారా ఇతర పట్టణములకు ప్రాకినంత వేగముగా ఆ జాగ్రత్త ప్రాకలేదు. మొదట అండగా నిలిచిన నరాల వైద్యుడు జేమ్స్ జాక్సన్ పుట్నమ్ సహితము దూరమాయెను. వైద్యము తెలియని బోధకులు రోగులను చేపట్టుట అపాయమని వైద్యుల అభ్యంతరము.

ఆ అభ్యంతరమును మేము కొట్టివేయలేము. మా పరిచర్య తొలి దినములలో ఒక సహోదరుడు త్రాగుడు ఒక్కసారిగా మాని ఉపవాస ప్రార్థనకు కూర్చుండెను. మూడవ దినమున చేతులు వణకి, లేనివి కనబడుచున్నవని కేకలు వేయగా, మేము దయ్యమని తలంచి రాత్రియంతయు ప్రార్థించితిమి. తెల్లవారిన తరువాత గాని ఆసుపత్రికి తీసికొనిపోలేదు. మద్యము హఠాత్తుగా మానుటవలన వచ్చు ఆ స్థితి ప్రాణము తీయగలదని అక్కడి డాక్టరుగారు చెప్పిరి. అతడు బ్రదికెను, అయితే మా తెలివివలన కాదు.

బోస్టన్ పరిచర్యలోనే రెండవ ప్రశ్న లేచెను. 1911లో అక్కడ సహాయము పొందిన కోర్ట్‌నీ బేలర్ అను భీమా ఏజెంటు, కొద్దికాలములోనే జీతము పుచ్చుకొను సలహాదారుడై, తన పద్ధతిని 1919లో పుస్తకముగా ప్రచురించెను. విడుదల పొందినవాడు తన సాక్ష్యమునకు జీతము తీసికొనవచ్చునా? 1935లో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసము కూడదనెను. ఆ పని వృత్తి కారాదని 1950లో అంగీకరింపబడిన వారి ఎనిమిదవ సంప్రదాయము. (మంచి సమరయుడు పూటకూళ్లవానికిచ్చిన రెండు దేనారములు మాకు ఇక్కడ జ్ఞాపకము వచ్చును.)

అయినను 1954లో మిన్నెసోటా రాష్ట్రము, విల్మార్ ప్రభుత్వ ఆసుపత్రి అవసరమునుబట్టి, కళాశాల పట్టా లేని కోలుకొనినవారికి సలహాదారు ఉద్యోగము ఏర్పరచెను. అదే ఆసుపత్రిలో శిక్షణ పొందిన లూథరన్ కాపరి జాన్ కెల్లర్ 1966లో మద్యవ్యసనపరుల పరిచర్యపై కాపరులకొరకు గ్రంథము వ్రాసెను.

అర్హతాపత్రమునకు త్రోవ తీసినది ధనము. తానే త్రాగుడునుండి విడుదల పొందిన సెనేటరు హెరాల్డ్ హ్యూజ్ కృషివలన 1970 డిసెంబరు 31న మద్యవ్యసన చికిత్సా చట్టము వచ్చి, ప్రభుత్వ నిధులు ప్రవహించెను. డబ్బు ఇచ్చువాడు సలహాదారుడు ఎవరని అడుగును గదా! 1972లో సలహాదారుల జాతీయ సంఘము, 1981లో రాష్ట్రముల అర్హతలను పరస్పరము గుర్తించు వ్యవస్థ ఏర్పడెను. హ్యూజ్ మాత్రము 1975లో సెనేటు విడిచి క్రైస్తవ పరిచర్యకు వెళ్లెను.

ఈ మార్పులో నష్టము లేకపోలేదు. చదువు తక్కువైనను అనుభవము గల అనేకులకు తలుపు ఇరుకాయెను. అయితే నేర్పు పాఠములలో రహస్యము కాపాడుట ముఖ్యమైనది. ఒక సహోదరుని త్రాగుడును ప్రార్థనాంశమని కూటములో చదివి వినిపించు మనకు ఆ పాఠము అక్కరలేదని మేము అనలేము.

మన దేశములో చెన్నైలోని టి.టి. రంగనాథన్ సంస్థ 1980నుండి ఈ చికిత్స చేయుచున్నది. కొలంబో ప్రణాళిక 2009లో ఆసియా దేశముల సలహాదారుల శిక్షణకు, అర్హతా పరీక్షలకు ఒక కేంద్రమును స్థాపించెను.

మా సంఘములో త్రాగుడు మానదలచి ఉపవాసమునకు వచ్చువారిని ఇప్పుడు మొదట డాక్టరు వద్దకు తీసికొనిపోవుచున్నాము. వుస్టర్ 1906లో పెట్టిన క్రమము అదే.