గాయపడిన మనసు పక్కన కూర్చోవడం: మన కోచ్‌లు, కౌన్సిలింగ్ చేసేవారు తెలుసుకోవలసినవి

పటాసు పని ఉన్న ప్రాంతంలో పుట్టి పెరిగిన మనకు పేలుడు వార్త కొత్త కాదు. 2012 సెప్టెంబర్ 5న శివకాశి దగ్గర ముదలిపట్టి కార్ఖానాలో జరిగిన పేలుడులో దాదాపు 40 మంది పోయారు. వాళ్ళలో చాలామంది ఆ కార్ఖానాలో పనిచేసేవారు కూడా కాదు. పొగ చూసి సాయానికో, చూడటానికో పరుగెత్తుకొచ్చిన చుట్టుపక్కల జనం. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో 20 మందికి పైగా పోయారు. ఇలాంటివి జరిగినప్పుడు ఆఫీసుల్లో రెండు జాబితాలు తయారవుతాయి. ఒకటి పోయినవారిది, రెండోది కాలిన గాయాలైనవారిది. జాబితాలు రాయడమే ఉద్యోగంగా బతికినవాళ్ళం కనుక ఆ సంగతి మాకు బాగా తెలుసు. మూడో జాబితా ఎవరూ రాయరు. ఒంటి మీద గీత కూడా పడకుండా బయటపడి, ఆ రోజు నుంచి నిద్రపోలేని వాళ్ళది.

ఆ మూడో జాబితాలోని మనిషి మొదట డాక్టరు దగ్గరికి పోడు. వాళ్ళ అబ్బాయికి హాకీ నేర్పే కోచ్ దగ్గరో, బడి టీచరమ్మ దగ్గరో, యోగా నేర్పే ఆయన దగ్గరో, మన సంఘం పెద్దల దగ్గరో నోరు విప్పుతాడు. ఇప్పుడు మన ఇళ్ళలో సైకాలజీ చదివిన ఆడపిల్లలూ ఉన్నారు, కౌన్సిలింగ్ కోర్సు చేసిన కుర్రాళ్ళూ ఉన్నారు. (కౌన్సిలర్ అంటే మన వీధిలో ఇంకా వార్డు కౌన్సిలరే గుర్తొస్తాడు. అది వేరే సంగతి.) వీళ్ళందరికీ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ఆలోచన కంటే ముందే గంట కొడుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కాళ్ళకు పరుగు వస్తుంది. కొందరికి అదీ రాదు, కొయ్యబారిపోతారు. ప్రమాదం అయిపోయాక ఈ గంట ఆగిపోవాలి. కొందరిలో ఆగదు. మందు వాసన, ఇనుప తలుపు చప్పుడు, అంబులెన్సు కూత, ఏది తగిలినా మళ్ళీ మోగుతుంది. మిగతా ఊళ్ళలో టపాసుల చప్పుడు దీపావళికే వినపడుతుంది. మన వైపు ఏడాది పొడుగునా ఏదో మూల వినపడుతూనే ఉంటుంది. ఇక్కడి మనిషికి గంట ఆగే తెరిపి తక్కువ.

మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, అన్నం సహించకపోవడం చాలామందికి ఉంటుంది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు, ఆ చోటికి పోలేకపోవడం, చీటికిమాటికి కోపం, ఏదీ పట్టనట్టు ఉండటం తగ్గకపోతే, పని, చదువు చెడుతుంటే, అప్పుడు వైద్యులు పి.టి.ఎస్.డి. అనే మాట వాడతారు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధలు చూశాక, 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగాల పుస్తకంలో ఈ పేరు చేర్చింది. పేరు కొత్తదే గానీ బాధ పాతది. మన ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారి ‘గోపల్ల గ్రామం’ నవల చదివినవారికి తెలుసు. తెలుగు దేశం విడిచి ప్రాణాలు అరచేత పట్టుకుని కరిసల్ నేలకు వచ్చిన కుటుంబం కథ అది. ఆ పారిపోయి వచ్చిన సంగతి ఇంటి పెద్దావిడ చెబుతుంది. ఎవరో నిలదీస్తే చెప్పిన కథ కాదు. ఈ మాట ఎందుకన్నామో కింద తెలుస్తుంది.

ఉద్వేగాలను సంబాళించుకోవడం అంటే ఏడుపును, కోపాన్ని అణిచేయడం అని మనలో చాలామంది అనుకుంటారు. ‘మగపిల్లాడివి, ఏడవకు’ అని మనమూ ఎన్నిసార్లు అనలేదు? అమెరికా మనోవైద్యుడు డేనియల్ సీగల్ దీన్ని ఒక కిటికీతో పోల్చాడు. ఆ కిటికీ లోపల ఉన్నంతసేపు మనిషి బాధపడుతూనే ఆలోచించగలడు, మాట వినగలడు. మన వంటింటి లెక్కలో చెప్పాలంటే పొయ్యి సెగ. ఎక్కువైతే అడుగంటుతుంది, తక్కువైతే ఉడకదు. సెగ ఎక్కువైన మనిషి అరుస్తాడు, వణుకుతాడు. తక్కువైన మనిషి మొద్దుబారి, అడిగినదానికల్లా తలూపుతాడు. రెండోవాడిని చూసి ‘ధైర్యంగా ఉన్నాడు’ అనుకోవడం మనం తరచుగా చేసే పొరపాటు. సలహా ఏదైనా సెగ సమంగా ఉన్నప్పుడే తలకెక్కుతుంది.

ఎదుటివారి సెగ చూసేముందు మన సెగ చూసుకోవాలి. కోచ్ గొంతు పెరిగితే పిల్లాడి గుండె వేగం పెరుగుతుంది. అందుకని ముందు మీ రెండు పాదాలు నేలకు ఆనించండి. భుజాలు దించండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే వేగస్ నరం ద్వారా గుండె వేగం తగ్గుతుంది. ఇదే ఎదుటివారికీ నేర్పవచ్చు. కానీ ఒక జాగ్రత్త. పొగలో చిక్కుకుని ఊపిరాడక బయటపడినవాడికి ‘ఊపిరి మీద మనసు పెట్టు’ అంటే కంగారు ఇంకా పెరగవచ్చు. కళ్ళు మూసుకోమనడమూ అంతే. అలాంటివారికి కళ్ళు తెరిచే ఉంచి, గదిలో కనపడే ఐదు వస్తువులు చెప్పమనండి, వినపడే చప్పుళ్ళు చెప్పమనండి, చల్లటి నీళ్ళ చెంబు చేతికివ్వండి. యోగా నేర్పే మన మిత్రులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, సగం మేలు జరిగినట్టే.

ఇక మేము చేసిన తప్పు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మన ఇంటి ఆడపడుచును పలకరించడానికి సంఘం తరఫున పద్నాలుగు మంది పోయాం. పోయిన ప్రతివాళ్ళం ‘ఎట్లా జరిగిందమ్మా?’ అని అడిగాం. ఆ అమ్మ ప్రతిసారీ మొదటి నుంచి చెప్పింది. సాయంత్రానికి ఆమె చెప్పే తీరు ఎవరి సంగతో చెబుతున్నట్టు అయిపోయింది. గట్టి మనసు అనుకుని తిరిగొచ్చాం. మూడు నెలలకు వాళ్ళ అవ్వ మాతో అన్నది: ‘మీరందరూ వచ్చిపోయినాక రోజూ రాత్రి అదే మాట మొదటి నుంచి చెప్పుకుంటా కూర్చుంటాంది నాయనా.’ ఆ మాటతో మాకు మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కడానికి మొహం చెల్లలేదు. అదీ తప్పే. పోయి ఉండవలసింది.

జరిగినదంతా ఒకే విడతలో చెప్పిస్తే మనసు తేలికవుతుందని ఒకప్పుడు నిపుణులూ నమ్మారు. దానికి డీబ్రీఫింగ్ అని పేరు. పరిశోధనల్లో అది మేలు చేస్తున్నట్టు తేలలేదు, కొందరికి కీడు చేసినట్టు కూడా కనపడింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స కోసం ఇచ్చిన పుస్తకంలో మూడే పనులు చెప్పింది: చూడటం, వినటం, కలపటం. చూడటం అంటే ముందు చోటు క్షేమంగా ఉందా, అందరిలోకీ ఎక్కువ అల్లాడుతున్నది ఎవరు అని గమనించడం. వినటం అంటే వాళ్ళు చెప్పినంతే వినడం, తవ్వకపోవడం. కలపటం అంటే అన్నం, మందులు, బంధువుల ఫోన్ నెంబరు, పరిహారం అర్జీ, ఆసుపత్రి, ఏది కావాలో దానికి దారి చూపడం. సంఘం పెద్దలుగా మనం బాగా చేయగలిగింది ఈ మూడోదే. అర్జీ రాసిపెట్టడం కూడా వైద్యమేనని మాకు ఆలస్యంగా తెలిసింది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత బెంగుళూరు నిమ్హాన్స్ వారు మన తమిళనాడు తీరంలో ఊరి టీచర్లకు, వాలంటీర్లకు ఇలాంటి శిక్షణే ఇచ్చారు. డాక్టర్లు చాలనిచోట మామూలు మనుషులు నేర్చుకుని చేయగలిగిన పని ఇది.

మన ఇళ్ళకు ఇంకో చిక్కు ఉంది. బడి తమిళం, ఆఫీసు తమిళం, డాక్టరు తమిళం. రాత మనలో చాలామందికి తమిళమే. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే మన కుర్రాడు ‘ఒణ్ణుమిల్లె సార్’ అంటాడు. ఇంటికొచ్చి అవ్వ పక్కన పడుకుని ‘గుండెలో దడగా ఉందవ్వా’ అంటాడు. దడ, గుబులు, బెంగ, దిగులు, ఈ మాటలు ఒకటి కాదు. దడ ఒంటికి సంబంధించింది, బెంగ దూరమైనవారి గురించి, దిగులు రాబోయేదాని గురించి. కౌన్సిలింగ్ చేసే మన పిల్లలు ఈ తేడా పట్టుకుంటే సగం రోగ నిర్ణయం అక్కడే అవుతుంది. ‘ఇంట్లో ఏ భాషలో ఏడుస్తావు?’ అని అడగడం తప్పు కాదు. తమిళంలో మొదలైన మాట మధ్యలో తెలుగులోకి జారితే జారనివ్వండి. అయితే భాష తెలుసు కదా అని పన్నెండేళ్ళ మనవరాలిని ఆసుపత్రిలో అవ్వకు దుబాసీగా కూర్చోబెట్టకండి. ఆ మాటలన్నీ ఆ పిల్ల మోయాల్సి వస్తుంది.

కోవిల్‌పట్టిలో కోచ్ అంటే హాకీ కోచే. మైదానంలో మూడు సంగతులు మార్చుకుంటే చాలా తేడా వస్తుంది. విజిల్ వేసేముందు ‘విజిల్ వేస్తున్నా’ అని ఒక మాట చెప్పడం. భుజం పట్టి స్టిక్కు ఎలా పట్టుకోవాలో చూపించేముందు ‘పట్టుకోవచ్చా?’ అని అడగడం. బంతి మీదికి వస్తుంటే కొయ్యబారిన పిల్లాడిని అందరి ముందూ ‘సోంబేరి’ అని తిట్టకుండా పక్కకు పిలిచి, నీళ్ళు తాగించి, వాడంతట వాడు తిరిగి దిగేదాకా ఆగడం. క్రమశిక్షణ పోతుందని కొందరు కోచ్‌లు మాతో వాదించారు. ఒకే వేళ, ఒకే పద్ధతి, ముందే చెప్పిన నియమం, ఇవన్నీ క్రమశిక్షణే, భయపడ్డ పిల్లాడికి ఇవే పట్టుగొమ్మలు. కోచ్ చేయకూడనిది ఒకటుంది. పిల్లాడి గతం తవ్వి తానే వైద్యం చేయబోవడం. అది శిక్షణ పొందినవారి పని.

ఆ శిక్షణ పొందినవారికీ వరుస ఉంది. 1992లో వచ్చిన జూడిత్ హెర్మన్ పుస్తకం మూడు మెట్లు చెప్పింది: మొదట క్షేమం, తర్వాత గుర్తు చేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్ళీ నలుగురిలో కలవడం. మొదటి మెట్టు ఎక్కకుండా రెండోదానికి లాగకూడదు. తాగి కొట్టే మనిషి ఉన్న ఇంట్లోనే ఉంటున్న ఆడమనిషితో పాత గాయం మాట్లాడించి సాయంత్రం ఆ ఇంటికే పంపితే అది వైద్యం కాదు. గాయం మీద పనిచేసే పద్ధతుల్లో ట్రామా కోసం మలచిన సి.బి.టి., ఇ.ఎం.డి.ఆర్. రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు విడతలు పడుతుంది. ఒక్క రోజు శిబిరంలో నయం చేస్తామనే బోర్డు కనపడితే మీ డబ్బు జేబులోనే ఉంచుకోండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్.సి.ఐ. రిజిస్ట్రేషన్ నెంబరు ఉంటుంది. అడగండి, మర్యాద తప్పినట్టు కాదు. మరో సంగతి, ప్రమాదం జరిగిన తొలి నెలలో నిద్ర కోసం బెంజోడయజపైన్ మాత్రలు ఇవ్వవద్దన్నదీ అదే 2013 సూచనల్లో ఉంది. పక్కింటివారు ఇచ్చిన మాత్ర వేసుకునే అలవాటు మనవాళ్ళకు ఎక్కువ కాబట్టి చెబుతున్నాం. ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఉన్నపళంగా ఆపవద్దు.

గుట్టు గురించి కూడా ఒక మాట. విన్నది బయట చెప్పకూడదు, కల్యాణ మండపంలో అసలే చెప్పకూడదు. పెళ్ళి సంబంధాలు చెడతాయనే భయంతోనే మనవాళ్ళు నోరు మూసుకుంటారు. కానీ 18 ఏళ్ళ లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం ప్రతివారి బాధ్యత. కోచ్ అయినా, మా వంటి కార్యదర్శి అయినా. ‘కుటుంబ పరువు’ అనే సాకు ఆ చట్టంలో లేదు. ఆ సంగతి పిల్లకు ముందే చెప్పాలి, గుట్టు దాస్తానని మాటిచ్చి తర్వాత తప్పకూడదు. చావాలనుందని ఎవరైనా అంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడనక్కర్లేదు, నేరుగానే అడగవచ్చు.

రాసి పెట్టుకోవలసిన నెంబర్లు: కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ 14416, రోజుకు 24 గంటలు, ఉచితం. 2022 అక్టోబర్ 10న మొదలైంది, 20 భాషల్లో సేవ ఉంది, తెలుగు అందులో ఒకటి. పిల్లల కోసం 1098. తమిళనాడు ఆరోగ్య సలహాకు 104. విరుదునగర్‌లోనూ తూత్తుకుడిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రులున్నాయి, మానసిక వైద్య విభాగానికి ఓ.పి. చీటీ తీసుకుంటే చాలు. చీటీ మీద ఏ విభాగమో నలుగురికీ కనపడుతుందని జంకేవారు సంఘానికి కబురు పెట్టండి, తోడుగా ఒకరం వస్తాం. దారిలో ఏం జరిగిందని అడగం.