రేనాటి షష్ఠి
‘స్’తో ముగిసే పేరుకు షష్ఠి ఎలా చేర్చాలన్నది ఇంగ్లీషులో నేటికీ తెగని పంచాయితీ. చార్లెస్ ఇల్లు అని రాయాలంటే కొందరు పేరు చివర మరో ఎస్ తగిలిస్తారు, కొందరు పైన చిన్న గుర్తుతో సరిపెడతారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. తెలుగులో ఆయన ఇంటిని చెప్పడానికి ‘దొరగారి’ అంటే చాలు.

అసలు పేరుకు ‘స’ చేర్చే పద్ధతి ఈ సీమకు దొరలతో వచ్చింది కాదు. కర్నూలు జిల్లాలో గుత్తి–పత్తికొండ దారిలో ఉన్న ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుడి ప్రాకృత శాసనాలున్నాయి. వాటిలో అశోకుడి బిరుదు ‘దేవానంపియస’ అని ఉంటుంది. దేవతలకు ప్రియుడైనవాని అని అర్థం. ‘దేవానం’ బహువచన షష్ఠి. చివరి ‘స’ సంస్కృత ‘స్య’ అరిగి మిగిలిన రూపం. ఒక్క బిరుదులో రెండు షష్ఠులు!

తెలుగు ఆ ‘స’ను అప్పు తెచ్చుకోలేదు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో, సుమారు 575 నాటి రేనాటి చోళ ధనంజయుడి శాసనంలో ‘చిఱుంబూరి’ అన్న మాట కనిపిస్తుంది. చిఱుంబూరు అన్న పేరు చివరి ‘ఉ’ పోయి ‘ఇ’ వచ్చింది, అంతే. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లోనే ఇవాళ మనం ‘ఊరి చెరువు’ అన్నట్టే షష్ఠి ఉందంటే ఒళ్ళు పులకరిస్తుంది. రేనాడు అన్న సీమ పేరు రేనాటి కావడమూ ఈ కోవలోదే. చిన్నయసూరి బాలవ్యాకరణం వీటిని ఔపవిభక్తికాలు అంది.

ఇంటిపేర్లలో ఆ ‘ఇ’ చెక్కుచెదరకుండా నిలిచింది. బద్వేలు పక్క గోపవరం మనిషిగా చెప్పుకునే మొల్ల ఆతుకూరి మొల్ల. కందిమల్లాయపల్లెలో స్థిరపడిన వీరబ్రహ్మం పోతులూరి వీరబ్రహ్మం. ఆయన మఠం ఉన్న మండలం పేరు బ్రహ్మంగారిమఠం. ‘గారు’ అన్న గౌరవం షష్ఠిలోకి దిగి పటానికెక్కింది. దేవుని కడప సరేసరి. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీదే పరిశోధన చేసి డాక్టరేటు అందుకున్నారంటే ఆ పేర్లలో ఎంత సరుకుందో తెలుస్తుంది.

కర్నూలు పాతబస్తీలో మరో దారి వినిపిస్తుంది. దక్కనీలో ‘అబ్బాస్ కా ఘర్’, ‘అబ్బాస్ కీ దుకాన్’. ‘స్’ చెక్కుచెదరదు, మారేది వెనకొచ్చే ‘కా’, ‘కీ’. అవి యజమాని మగా ఆడా అని చూడవు, సొత్తు లింగాన్ని బట్టి మారతాయి. వీధి దాటి తెలుగింటికి వస్తే అదే ‘అబ్బాసోళ్ళ ఇల్లు’. రెడ్డోళ్ళ బావి, కరణమోళ్ళ చేను అన్నట్టే, ‘వాళ్ళ’ అన్న మాట వచ్చి పేరును అల్లుకుంటుంది. నంద్యాల వైపు క్రైస్తవుల ఇళ్ళూ థామసోళ్ళవే, జేమ్సోళ్ళవే. ఆ ఇంట్లో ఒక్కరే ఉంటున్నా పిలుపు బహువచనంలోనే సాగుతుంది.