బూజు

బూజు అనగా చెమ్మ తగిలిన ఆహారపదార్థములు, గోడలు, వస్త్రములు, తోలు వస్తువులు, పుస్తకములు మొదలైన వాటిపై పెరిగే సూక్ష్మ శిలీంధ్రముల సమూహము. ఇది ఏదో ఒక్క జీవి పేరు కాదు. వేర్వేరు ప్రజాతులకు చెందిన అనేక శిలీంధ్రములను వాడుకలో ఈ ఒక్క మాటతోనే పిలుస్తారు. ఇంట్లో కనిపించే బూజును కేవలము రంగును బట్టి ఫలానా జాతి అని నిర్ణయించుట సాధ్యము కాదు. అయితే అది దేనిపై పెరిగినది అనే విషయము చాలా ముఖ్యము. గోడ మీది బూజును కడిగి, చెమ్మను అరికడితే సమస్య తీరుతుంది. ఆహారము మీది బూజును తుడిచివేసినా లోపల విషము మిగిలి ఉండవచ్చు.

లక్షణములు

శిలీంధ్రములకు పత్రహరితము ఉండదు. అందుచేత అవి ఇతర సేంద్రియ పదార్థముల నుండి ఆహారమును గ్రహిస్తాయి. బూజు శరీరము సన్నని దారముల వంటి తంతువులతో ఏర్పడుతుంది. మనకు పైకి కనిపించే రంగు పొడి దాని సిద్ధబీజములు. ఇవి గాలిలో అంతటా ఉంటాయి. కావున ఇంట్లో బూజు బీజములు అసలే లేకుండా చేయుట వీలుకాదు. వాటికి కావలసిన తడి దొరకకుండా చేయుట మాత్రమే మన చేతిలో ఉన్నది.

బూజు కానివి

తెలుగులో బూజు అనే మాటకు రెండు అర్థములు గలవు. పండుగలకు ముందు బూజుకర్రతో దులిపే బూజు నిజానికి దుమ్ము పట్టిన సాలెగూడు. దానికి శిలీంధ్రముతో సంబంధము లేదు. బూజుగా పొరబడే మరికొన్ని:

* ఉప్పు: చెమ్మ పీల్చిన గోడలపై తెల్లగా పొంగే లవణములు. నీటిచుక్క వేస్తే ఉప్పు కరుగుతుంది, బూజు కరగదు.
* పాచి: స్నానాల గదుల్లో, పెరటి గోడలపై జారుడుగా ఉండే ఆకుపచ్చని పొర. ఇవి శైవలములు. వీటికి వెలుతురు అవసరము. బూజు చీకటిలో కూడా పెరుగుతుంది.
* మసి: వంటగదిలో పేరుకొనే నల్లని పొర. పలుచని బ్లీచింగ్ ద్రావణము ఒక చుక్క వేస్తే సాధారణముగా బూజు మరక రంగు తగ్గుతుంది, మసి రంగు తగ్గదు.

సామాన్యముగా కనిపించే రకములు

* రైజోపస్: రొట్టెపై తెల్లని దూదివలె పెరిగి, నల్లని చుక్కలు ఏర్పడతాయి.
* పెనిసిలియం: నిమ్మ, బత్తాయి, నారింజ పండ్లపై తెల్లని అంచు గల నీలి లేదా ఆకుపచ్చని మచ్చలు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నది ఈ ప్రజాతి నుండియే.
* ఆస్పర్‌జిల్లస్ నైగర్: ఉల్లిపాయ పొరల మధ్య కనిపించే నల్లని పొడి.
* ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్: వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిరప వంటి వాటిపై పసుపు కలిసిన ఆకుపచ్చని బూజు.
* క్లాడోస్పోరియం: గోడలు, కిటికీ చట్రములు, తడి వస్త్రములపై ముదురు ఆకుపచ్చ లేదా నలుపు మచ్చలు.
* స్టాకీబోట్రిస్: చాలాకాలము తడిసి ఉన్న కాగితము, అట్ట, జిప్సం పలకలపై పెరిగే నల్లని బూజు.

ఆహారములో బూజు - అఫ్లటాక్సిన్

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు మరణించినప్పుడు, కారణము దాణాలో కలిపిన వేరుశనగ చెక్క అని తేలినది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ ఉత్పత్తి చేసే ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఇది కాలేయమును దెబ్బతీస్తుంది, కాలేయ క్యాన్సరుకు కూడా కారణమవుతుంది.

1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ జిల్లాల గ్రామములలో వర్షమునకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది మరణించారు. ఆ ధాన్యము తిన్న కుక్కలు కూడా చనిపోయాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశోధించి, 1975లో ఈ వివరములను ప్రకటించారు.

సాధారణ వంటతోగాని, వేయించుటతోగాని ఈ విషము పూర్తిగా నశించదు. కావున రంగు మారిన, ముడుచుకున్న, చేదుగా ఉన్న వేరుశనగ పప్పులను ఏరి పారవేయవలెను. బూజు పట్టిన చెక్కను పశువులకు పెట్టరాదు. ఆ విషము మార్పు చెంది పాలలోనికి వస్తుంది. వేరుశనగ కాయలను తేమ సుమారు 8 శాతమునకు తగ్గేవరకు ఎండబెట్టి నిల్వ చేయుట మంచిది.

రొట్టె, అన్నము, మెత్తని పండ్లపై బూజు కనిపిస్తే మొత్తము పారవేయవలెను. తంతువులు కంటికి కనిపించనంత లోతుకు వెళ్ళి ఉంటాయి. ఊరగాయలలో ఉప్పు తగ్గినా, పైన నూనె తేలకపోయినా, తడి గరిటె పెట్టినా బూజు పడుతుంది. పై పొర తీసివేసి మిగిలినది వాడే అలవాటు క్షేమకరము కాదు.

గోడలు, వస్తువులపై బూజు

ముందుగా చెమ్మకు కారణము వెదకవలెను. కారుతున్న గొట్టము, పగిలిన డాబా, గాలి ఆడని గది, ఇంటి లోపల ఆరవేసిన బట్టలు సాధారణ కారణములు. కారణమును సరిచేయకుండా రంగు వేస్తే అది పెచ్చులుగా ఊడి, బూజు మరల వస్తుంది.

* తడిసిన వస్తువులను 24 నుండి 48 గంటల లోపల ఆరబెట్టవలెను.
* కొద్దిపాటి బూజును సబ్బునీటితో రుద్ది కడిగి, బాగా ఆరనివ్వవలెను. పొడిగా దులిపితే సిద్ధబీజములు గది అంతా వ్యాపిస్తాయి.
* మాస్కు, చేతితొడుగులు ధరించి, కిటికీలు తెరచి ఈ పని చేయవలెను.
* బ్లీచింగ్ పౌడరును మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తోగాని, అమ్మోనియాతోగాని ఎన్నడూ కలుపరాదు. ప్రాణాంతక వాయువులు వెలువడతాయి.
* బీరువాలను, పుస్తకాల అరలను గోడకు ఆనించక, గాలి ఆడేటట్లు కొంచెము ఎడముగా ఉంచవలెను. కలరా ఉండలు పురుగుల కొరకే గాని, బూజును ఆపవు.

పూర్వము ఏటేటా గోడలకు వేసే సున్నము క్షారగుణము వలన బూజును కొంతవరకు నిరోధించేది.

ఆరోగ్యముపై ప్రభావము

చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో నివసించువారికి తుమ్ములు, దగ్గు, ఉబ్బసము ఎక్కువగా వచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకములు తెలుపుతున్నాయి. పసిపిల్లలు, ఉబ్బసరోగులు, రోగనిరోధకశక్తి తగ్గినవారు బూజు శుభ్రము చేసే పనికి దూరముగా ఉండవలెను.

2021లో కోవిడ్ రోగులలో బ్లాక్ ఫంగస్ అను పేరుతో వ్యాపించిన మ్యూకర్‌మైకోసిస్‌కు ఉల్లిపాయల మీది నల్లని పొడియే కారణమని వదంతులు వచ్చాయి. అది నిజము కాదు. ఆ వ్యాధిని కలిగించేవి మ్యూకరేల్స్ క్రమమునకు చెందిన శిలీంధ్రములు. మధుమేహము అదుపులో లేనివారు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారు దీనికి అధికముగా గురయ్యారు. ఆ పేరులోని నలుపు, వ్యాధి వలన చనిపోయిన కణజాలపు రంగు మాత్రమే.

ఇవి కూడా చూడండి

* శిలీంధ్రము
* అఫ్లటాక్సిన్
* పెన్సిలిన్
* ఊరగాయ