పాత మిషను ఎప్పుడు పక్కన పెట్టాలి?

మన మాచ్‌ఖండ్ కరెంటు కేంద్రం 1955లో మొదలైంది. అక్కడి పాత యంత్రాలు బాగు చెయ్యాలా, మార్చాలా అన్నది ఇంజనీర్ల లెక్క. మగ్గానికీ అదే లెక్కుంది.

1733లో ఇంగ్లండులో జాన్ కే ఫ్లై షటిల్ కనిపెట్టాక చేత్తో నాడె విసరడం చాలాచోట్ల పోయింది. అయినా మన కోట్‌పాడ్ మిర్గాన్ నేతవాళ్లు గుంట మగ్గం వదల్లేదు. ఆల్ వేరు ఎరుపుతో నేసే ఆ బట్టకు 2005లో జీఐ గుర్తింపొచ్చింది. పోచంపల్లి చీరల ఆసు కథ వేరు. వేలసార్లు చెయ్యాడించి ఆడవాళ్ల భుజాలు అరిగిపోయేవి. తల్లి బాధ చూసి చింతకింది మల్లేశంగారు 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశారు.

కాబట్టి సభ్యులారా, వయసు చూసి దేన్నీ తీసెయ్యకండి. ఆ బట్ట ఇంకోదాని మీద వస్తుందా, నడిపేవాళ్ల ఒళ్లు నిలుస్తుందా, ఈ రెండే చూడండి.