ఇంటర్‌బెల్లు అంగడి

దగ్గరికి జరగండి పిలకాయలూ, చలి ముదురుతా ఉంది. నవంబరు 14న మీ బడిలో అంగళ్ళు పెడతారంట కదా, ఏం చేసి అమ్మితే బాగా పోతుందని పెద్దోడు అడిగినాడు. నేను యాపారం చేసినోణ్ణి కాను, తిన్నోణ్ణి. మా సోమల బడి ముందర చింతచెట్టు కింద ఒక అవ్వ గంప పెట్టుకుని కూర్చునేది. ఆయమ్మ అమ్మకం చూసి తెలుసుకున్నది చెప్తా.

అప్పుడు చెనిక్కాయలు ఎవరింట్లో చూసినా మూటలే. కోతల కాలంలో మా జేబుల నిండా అవే. అందుకే ఆ నెలల్లో అవ్వ వాటి జోలికే పోయేది కాదు. ఉలవ గుగ్గిళ్ళు, అలసంద గుగ్గిళ్ళు ఇళ్ళల్లో ఎప్పుడూ ఉడుకుతానే ఉంటాయి, అవీ తెచ్చేది కాదు. కమ్మరకట్టు తెచ్చేది. బెల్లంపాకంలో కొబ్బరి వేసి చేసింది, దవడన పెట్టుకుంటే ఒక పట్టాన కరగదు. ఎండలు ముదిరి, ఇండ్లల్లో విత్తనాలకు దాచినవి తప్ప కాయల్లేనప్పుడు మాత్రం ఇసకలో వేయించిన చెనిక్కాయలు దించేది. ఆ వాసనకు ఎక్కాలు చెప్పే అయివారు కూడా కిటికీ దిక్కు చూసేవాడు. ఇంట్లో ఉండేదానికి ఎవురూ దుడ్డు పెట్టరు, అది అవ్వకు బాగా తెలుసు.

మరి మామిడికాయ? రాయి విసిరితే రాలేదే కదా, అయినా అవ్వ దగ్గర బెంగళూర మామిడి ముక్కలు మిగిలేవి కావు. చెట్టు మీద కాయ ఉంది గానీ కత్తీ ఉప్పూ కారం లేవు. సన్నంగా కోసి, ఉప్పుకారం రాసి చేతికిచ్చే ఆ పనికే మేము దుడ్లిచ్చింది.

ఇంటర్‌బెల్లంటే పదే నిముషాలు. పిలకాయలందరూ ఒక్కసారి మీద పడితే కొలిచేదెప్పుడు, చుట్టేదెప్పుడు? గంట కొట్టకముందే పొట్లాలు కట్టి వరసగా పేర్చేది. బొరుగులు మాత్రం ముందు కలిపేది కాదు. ఎర్రగడ్డ తడి తగిలితే మెత్తబడతాయి.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినాయి చూడండి, అప్పుడు కనిపించింది ఆయమ్మ తెలివి. పాత అణాలూ కొత్త పైసలూ కలిసి తిరిగేవి. అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకేమో 19, పావలాకు 25. ఈ లెక్క పెద్దోళ్ళకే తలకెక్కలేదు. అర్ధణా అంటే మూడు పైసలా, మూడున్నరా అని ప్రతి అంగట్లో గొడవే. అవ్వ రేట్లు తిరగరాయలేదు, పొట్లాలే మార్చేసింది. ఒక పైసా బిళ్ళకు ఒక పొట్లం, రెండు పైసల బిళ్ళకు ఇంకొంచెం పెద్దది, ఐదుకు ఇంకా పెద్దది. బిళ్ళ ఇయ్యి, పొట్లం తీసుకో. చిల్లర మాటే లేదు. చదువు రాని మనిషి, బడిలో లెక్కలు చెప్పేవాళ్ళకు కూడా తట్టనిది చేసింది. ఇప్పటికీ ఆయమ్మను తలుచుకుంటే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

పొట్లం చేతిలో పెట్టినాక పైన నాలుగు గింజలు కొసరు వేసేది. దుడ్లు లేక దూరంగా నిలబడినోణ్ణి పిలిచి వాడికీ అంతే కొసరు పెట్టేది.

తర్వాత నేను మదనపల్లె బీటీ కాలేజీలో చేరినా. ఎక్కడెక్కడి నుంచో పిలకాయలు వచ్చి అక్కడి హాస్టల్లో ఉండేవాళ్ళు. సోమలలో ఎవురూ కొనని గుగ్గిళ్ళు అక్కడ సాయంత్రం పెడితే చీకటి పడకముందే గిన్నె ఖాళీ. ఇల్లు విడిచొచ్చినోళ్ళకు ఇంటి తిండే కావాల.

అందుకని మీరు చిప్స్ పాకెట్లు, బిస్కెట్లు పెట్టద్దండి, అవి అందరిళ్ళల్లో ఉన్నాయి. మన చేలల్లో చెనిక్కాయ తగ్గి టమోటా పెరిగింది. ఉప్పేసి ఉడకబెట్టిన చెనిక్కాయలు ఇప్పుడు పిలకాయలకు కొత్త. ఉలవ గుగ్గిళ్ళూ అంతే, చిన్నోళ్ళకు మాత్రం కారం లేకుండా వేరే తీసిపెట్టండి. 5 రూపాయలకొకటి, 10కొకటి, రెండే పొట్లాలు చాలు. నూనె వస్తువు ఏదన్నా చేస్తే ఒకసారి కాగిన నూనె మళ్ళీ వాడద్దండి. అందరికీ కొసరు వేయండి. ఉలవలు 13న రాత్రే నానబోయమని మీ అవ్వకు ఇప్పుడే చెప్పిపెట్టండి.